షహర్‌కు కూడా లిహాజ్ ఉంటుంది

ఇంగ్లీషులో ‘స్కైలైన్’ అనే లఫ్జ్ ఉంది. పత్రికలో పనిచేసే నాలాంటివాళ్ళకు వారానికి ఒకసారైనా తగులుతుంది. ‘మారిపోతున్న హైదరాబాద్ స్కైలైన్’ అని హెడ్డింగ్ పెట్టేస్తాం. దీనికి తెలుగు మాట ఏమిటని నన్ను అడిగితే వెంటనే చెప్పలేను. డిగ్రీలో తెలుగు చదివాను కాబట్టి ‘దిఙ్మండలం’, ‘క్షితిజం’ తెలుసు. ఉర్దూ మీడియం స్కూల్లో జుగ్రాఫియా పాఠంలో ‘ఉఫుఖ్’ నేర్పారు. ఇవన్నీ నేల, ఆకాశం కలిసే చోటుకు అల్లాహ్ గీసిన గీత పేర్లు. స్కైలైన్ అంటే ఆ గీత మీద మనుషులు గీసిన గీత. మీనార్, గుంబద్, గోపురం, గడియార స్తంభం, ఇప్పుడు అద్దాల టవర్లు. దూరం నుంచి చూస్తే ఆకాశం ముందు నల్లగా కనిపించే షహర్ ఆకారం అది.

రెండు షహర్‌లను పోల్చేటప్పుడు జనం సాధారణంగా ఎత్తునే పోలుస్తారు. వాళ్ళది ఇన్ని మీటర్లు, మనది ఇన్ని అంతస్తులు అని. నాకు ఇంకో కొలత ముఖ్యం అనిపిస్తుంది. అది మన ఇళ్ళలో ఉన్నదే. ఖురాన్ షరీఫ్ కింద రెహల్ మీద ఉంటే మనం మంచం ఎక్కి కూర్చోం. దాదా చాప మీద కూర్చుంటే మనవడు కుర్చీలో కాలు మీద కాలు వేసుకోడు. ఎవరూ కొట్టరు, జుర్మానా వేయరు. అయినా కూర్చోం. దీన్నే మన పెద్దలు ‘లిహాజ్’ అన్నారు. షహర్‌కు కూడా ఇలాంటి లిహాజ్ ఉంటుంది. ఒక షహర్ ఎంత ఎత్తుకు పోయింది అన్నదానికంటే, దేనికంటే తక్కువగా ఉండటానికి ఒప్పుకుంది అన్నదే దాని స్కైలైన్. ఆ ఒప్పందం ఎలా నిలుస్తుంది, ఎలా పోతుంది అనేది నాలుగైదు షహర్‌ల తారీఖ్‌లోంచి చూద్దాం.

బీజాపూర్: ఓడిపోయినందుకు మిగిలిన గీత

మనకు దగ్గరలో ఉన్న బీజాపూర్‌తో మొదలుపెడతాను. 2014 నుంచి దాని అధికారిక పేరు విజయపుర. రైల్లో వెళ్ళేవాళ్ళకు ఊరు రాకముందే గోల్ గుంబద్ కనిపిస్తుంది. చుట్టూ చదునైన నేల, మధ్యలో ఒకే ఒక్క పెద్ద గుంబద్. అది ముహమ్మద్ ఆదిల్ షా మఖ్బరా. ఆయన 1627 నుంచి 1656 దాకా పాలించాడు. బయటి కొలతలో గుంబద్ అడ్డం సుమారు 44 మీటర్లు. లోపల దాన్ని మోసే స్తంభం ఒక్కటి లేదు. ఒకదాన్నొకటి కోసుకుంటూ వెళ్ళే కమాన్‌లు ఆ బరువును గోడల మీదికి దించుతాయి. లోపలి గ్యాలరీలో ఒకవైపు గుసగుసలాడితే ఎదుటివైపు వినపడుతుంది. చిన్నప్పుడు విహారయాత్రకు వెళ్ళినవాళ్ళకు గుంబద్ కంటే ఆ గుసగుసే ఎక్కువ గుర్తుంటుంది.

అదే ఊళ్ళో బారా కమాన్ కూడా ఉంది. ముహమ్మద్ కొడుకు రెండో అలీ ఆదిల్ షా తన కోసం మొదలుపెట్టుకున్న మఖ్బరా అది. 1672లో ఆయన ఇంతెఖాల్ అయ్యేనాటికి పని పూర్తికాలేదు. ఇప్పుడు కప్పు లేని నల్లరాతి కమాన్‌లు మాత్రం ఆకాశం కింద నిలబడి ఉన్నాయి. అది పూర్తయితే దాని నీడ గోల్ గుంబద్ మీద పడేదని ఊళ్ళో చెప్పుకుంటారు. ఆ మాట నిజమో కాదో గానీ, దాన్ని తరతరాలుగా చెప్పుకుంటున్నారంటే బాప్ నీడను దాటాలనుకున్న బేటా కథ జనానికి నచ్చిందని అర్థం.

1686లో ఔరంగజేబ్ బీజాపూర్‌ను తీసుకున్నాడు. ఆదిల్ షాహీ హుకూమత్ పోయింది. దర్బార్ లేని ఊరికి మేమార్‌లు రారు, ఖజానా లేని ఊళ్ళో పెద్ద ఇమారత్‌లు లేవవు. అందుకే గోల్ గుంబద్ ఈనాటికీ ఆ ఉఫుఖ్ మీద తిరుగులేకుండా ఉంది. బీజాపూర్ స్కైలైన్‌ను ఏ ఖానూనూ కాపాడలేదు. గుర్బత్ కాపాడింది. ఇలా మిగిలిన అందాన్ని చూసి సంతోషించవచ్చు, కానీ ఏ షహర్‌కూ ఇలాంటి కాపలా కావాలని దువా చేయలేం. రేపు డబ్బు వస్తే అది ఎలా నిలుస్తుందన్న సవాల్ అక్కడ అలాగే ఉంది.

ఇస్తాంబుల్: మేమార్ దించిన మెట్లు

డబ్బు, అధికారం రెండూ నిండుగా ఉన్నప్పుడు కూడా లిహాజ్ పాటించిన షహర్ ఇస్తాంబుల్. 1453లో ఉస్మానియా సుల్తాన్ ఆ షహర్‌ను గెలిచేనాటికి అక్కడి గుట్టల మీద ఎత్తయిన ఇమారత్ ఆయా సోఫియా. అది 537లో కట్టిన కనీసా. దాని గుంబద్ ఎత్తు సుమారు 55 మీటర్లు. ఉస్మానియాలు దాన్ని మస్జిద్ చేశారు, మీనార్‌లు జోడించారు. ఆ తర్వాత ఒక్కో సుల్తాన్ ఒక్కో గుట్టను ఎంచుకుంటూ పోయాడు.

సులేమాన్ సుల్తాన్ కోసం మేమార్ సినాన్ కట్టిన సులేమానియా మస్జిద్ 1550లో మొదలై 1557లో పూర్తయింది. ‘మేమార్’ అనే మాట మన ఉర్దూలోనూ ఉంది, కట్టేవాడని అర్థం. ఆ మస్జిద్ ఒంటరిగా లేదు. చుట్టూ మదరసాలు, దవాఖానా, ముసాఫిర్‌లకూ గరీబులకూ అన్నం పెట్టే లంగర్‌ఖానా, హమ్మామ్ ఉన్నాయి. ఈ మొత్తం ఖర్చును వక్ఫ్ ఆదాయం మోసేది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం వేరే ఉంది. గుట్ట ఈశాన్యం వైపు వాలులో, సముద్రపు పాయ వైపున సినాన్ రెండు మదరసాలు కట్టాడు. వాటిని మామూలుగా చదును నేల మీద లేపి ఉంటే నీటి మీద పడవలో వచ్చేవాడికి మస్జిద్ సగం దాకా మూసుకుపోయేది. అందుకే ఆ మదరసాల గదులను వాలు వెంట మెట్లు మెట్లుగా కిందికి దించాడు. మస్జిద్ మీనార్‌లు నాలుగింటిలో గుంబద్ పక్కన ఉన్న రెండూ పొడుగు. ఆవరణ చివరి రెండూ పొట్టి. దూరం నుంచి చూస్తే గీత గుంబద్ దగ్గర లేచి మెల్లగా దిగుతుంది. ఇది అనుకోకుండా కుదిరింది కాదు. గుట్ట మీద నిలబడేవాడి కోసమే కాదు, దూరం నుంచి చూసే ముసాఫిర్ కోసం కూడా లెక్క వేసి చేసిన పని. ఆ సినాన్ 1588లో ఇంతెఖాల్ అయ్యాక, ఆ మస్జిద్ ఆవరణ బయట వీధి మూలన ఒక చిన్న కబ్ర్‌లో పడుకున్నాడు. అంత పెద్ద గీత గీసినవాడి గుంబద్ ఆ గీతలో కనిపించదు.

రంజాన్‌లో ఇస్తాంబుల్‌లో మీనార్‌కూ మీనార్‌కూ మధ్య తాడు కట్టి దీపాలతో అక్షరాలు రాస్తారు. దాన్ని ‘మహ్యా’ అంటారు. వందల ఏళ్ళ రివాజ్ అది. షహర్ ఆకాశమే అక్కడ ఒక తఖ్తీ. చదువు లేని కూలివాడైనా తలెత్తి చూస్తే రంజాన్ ఖబర్ అందుతుంది.

ఇంత లిహాజ్ ఉన్న షహర్‌లో కూడా గీత చెదిరింది. 1983లో టర్కీ బోస్ఫరస్ తీరం కోసం ప్రత్యేక ఖానూన్ తెచ్చింది. ఒడ్డున కట్టడాలకు హద్దులు పెట్టింది. కానీ ప్రమాదం ఒడ్డు నుంచి రాలేదు. పాత షహర్‌కు పడమర ఉన్న జైతిన్‌బుర్నులో మూడు టవర్లు లేచాయి. అవి సుల్తాన్ అహ్మద్ మస్జిద్‌కు కొన్ని కిలోమీటర్ల దూరం. పక్కన నిలబడి చూస్తే సమస్యే లేదు. సముద్రం మీద నుంచి చూస్తే మాత్రం ఆరు మీనార్‌ల మధ్యలోంచి టవర్ల తలలు పైకి వచ్చాయి. దేశమంతా గోల అయింది. పై అంతస్తులు తగ్గించమని యజమానిని అడిగానని ఆనాటి ప్రధాని ఎర్దోగాన్ కూడా బహిరంగంగా చెప్పారు. అదాలత్ అనుమతులు రద్దు చేసింది. టవర్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఒకసారి కాంక్రీటు గట్టిపడ్డాక తీర్పు కాగితానికి దాన్ని దించే బలం ఉండదు.

అదే షహర్‌లో దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2014లో తెరిచిన మెట్రో వంతెన స్తంభాలు సులేమానియా నజారాకు అడ్డొస్తాయని యునెస్కో అభ్యంతరం చెప్పింది. కట్టకముందే వాటి ఎత్తు తగ్గించారు. రెండు కథలకూ తేడా ఒక్కటే. ఒకచోట ముందు అడిగారు, ఇంకోచోట తర్వాత అడిగారు.

లండన్: లిహాజ్‌ను కాగితం మీద పెట్టినవాళ్ళు

ముందే అడగటం ఎలాగో లండన్ దగ్గర నేర్చుకోవచ్చు. అక్కడి సెయింట్ పాల్స్ పెద్ద చర్చి గుంబద్ చాలాకాలం ఆ షహర్ గీతకు కిరీటం. 1930ల్లో దాని ముందు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ లాంటి పెద్ద ఇమారత్‌లు లేచి నది వైపు నుంచి చర్చి కనబడకుండా చేశాయి. అప్పుడు ఆ చర్చి కట్టడాన్ని చూసుకునే గాడ్‌ఫ్రే అలెన్ అనే ఆయన ఒక లెక్క తయారు చేశాడు. ఫలానా చోట నిలబడితే గుంబద్ కనిపించాలంటే మధ్యలో ఎక్కడ ఎంత ఎత్తు దాటకూడదో వీధి వీధికీ రాశాడు. 1938 నుంచి ఆ లెక్కను నగర యంత్రాంగం పాటిస్తూ వచ్చింది. మొదట్లో అది పెద్దమనుషుల ఒప్పందం మాత్రమే. అంటే లిహాజే. తర్వాత అది ప్లానింగ్ నిబంధనల్లోకి చేరింది.

దాని ఫలితం ఇప్పటికీ కనిపిస్తుంది. షహర్ నడిబొడ్డుకు దూరంగా రిచ్‌మండ్ పార్కులో ఒక దిబ్బ ఉంది. అక్కడి నుంచి చర్చి 16 కిలోమీటర్లు. చెట్ల మధ్య ఒక సందులోంచి గుంబద్ కనబడుతుంది, ఆ చూపు దారికి రక్షణ ఉంది. షహర్ నడిబొడ్డున 2014లో పూర్తయిన లెడెన్‌హాల్ టవర్ 225 మీటర్లు. దాని ఒక ముఖం వాలుగా వెనక్కి ఒరిగి ఉంటుంది. ఫ్లీట్ స్ట్రీట్ నుంచి చూసేవాడికి సెయింట్ పాల్స్ పక్కన ఆకాశం మిగలాలని అలా ఒరిగించారు. పెద్దాయన వస్తే కాస్త జరిగి చోటిచ్చే పద్ధతిలా ఉంటుంది నాకు ఆ టవర్‌ను చూస్తే.

అక్కడా పొరపాట్లు జరిగాయి. రిచ్‌మండ్ నుంచి చూసినప్పుడు గుంబద్ వెనకాల స్ట్రాట్‌ఫర్డ్‌లోని ఒక కొత్త టవర్ 2016లో కనిపించి గొడవైంది. ముందు వైపు అడ్డు రాకుండా చూశారు, వెనక వైపు మరిచారు. జైతిన్‌బుర్ను పాఠమే ఇది. మస్జిద్ అయినా చర్చి అయినా దాని చుట్టూ కంచె వేస్తే సరిపోదు. దాని వెనక ఆకాశం కూడా దానిదే.

మక్కా: గడియారం కింద

మక్కా గురించి రాయడానికి చెయ్యి కొంచెం వణుకుతుంది. కానీ స్కైలైన్‌ల పోలికలో మక్కాను వదిలేస్తే ఇమాన్‌దారీ కాదు. కాబా షరీఫ్ ఎత్తు సుమారు 13 మీటర్లు. దాని పక్కన లేచిన గడియారపు టవర్ 601 మీటర్లు, 2012లో పూర్తయింది. ఆ స్థలంలో ఇంతకుముందు ఉస్మానియాల కాలపు అజ్యాద్ ఖిలా ఉండేది. పద్ధెనిమిదో శతాబ్దం చివర్లో కట్టింది. దాన్ని 2002లో కూల్చారు. కింద ఉన్న గుట్టను కూడా చదును చేశారు. టర్కీ గట్టిగా నిరసన చెప్పింది.

దీన్ని ఒక్క మాటలో తిట్టేయడం సులభం. అవతలి పక్షం కూడా వినాలి. 2012 హజ్‌లో 31 లక్షల మందికి పైగా పాల్గొన్నారు. వాళ్ళందరూ ఎక్కడ పడుకోవాలి? వీల్‌చైర్‌లో ఉన్న ముసలివాళ్ళు హరమ్‌కు ఎంత దూరం రాగలరు? ఆ టవర్ల ఆదాయం హరమ్ షరీఫ్ వక్ఫ్‌కే అని అక్కడి హుకూమత్ చెబుతుంది. మేము ఉమ్రాకు వెళ్ళినప్పుడు అమ్మీ ఒకరోజు ఇషా తర్వాత గుంపులో మాకు దూరమైంది. గంట తర్వాత దొరికింది. కంగారేం లేదు ఆమెకు. “ఆ గడియారం వైపు నడిచాను బేటా, మన బస గేటు దాని కిందే కదా” అంది. ఆమెకు ఆ టవర్ ఒక మేలు చేసింది. మరుసటి రోజు మతాఫ్‌లో నిలబడి పైకి చూసి, “ఇక్కడ నిలబడితే కొండలు కనబడేవని మా అబ్బా చెప్పేవారు” అని కూడా ఆమే అంది. రెండు మాటలూ నిజమే. నేను రెండింటినీ మోసుకుని తిరిగొచ్చాను.

మన హైదరాబాదీలకు ఇందులో సొంత హిస్సా కూడా ఉంది. నిజాం కాలంలో మన రియాసత్ హాజీల కోసం హరమ్ దగ్గర ‘రుబాత్’ ఇళ్ళు ఉండేవి. అంటే ఉచిత బస. తెలంగాణ, మరాఠ్వాడా, ఉత్తర కర్ణాటక జిల్లాల నుంచి వెళ్ళే హాజీలకు ఆ హక్కు ఇప్పటికీ ఉంది, ఖురా తీసి ఎంపిక చేస్తారు. హరమ్ విస్తరణల్లో పాత రుబాత్ ఇమారత్‌లు చాలా పోయాయి. అవి ఎత్తయినవి కాదు. ఎవరి ఫొటోలోనూ స్కైలైన్‌గా పడి ఉండవు. కానీ కరీంనగర్ రైతు కూడా కాబాకు నడక దూరంలో పడుకున్నాడంటే వాటి వల్లే. ఎత్తు పెరిగినప్పుడు కింద ఏం పోయిందో లెక్క రాసుకోవాలని అందుకే అంటున్నాను.

హైదరాబాద్: మన గీత

ఇప్పుడు ఇంటికి వద్దాం. 1591లో ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా చార్మినార్ కట్టించినప్పుడు, షహర్ నక్షా వెనక ఉన్న దిమాగ్ పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీది. సుమారు 56 మీటర్ల మీనార్‌లు, నాలుగు దిక్కులకూ నాలుగు రోడ్లు. చార్మినార్ పై అంతస్తులో మస్జిద్ ఉందన్న సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో. కింద బజార్, పైన సజ్దా చేసే చోటు. షహర్ నడిబొడ్డున అందరికంటే ఎత్తులో బాద్‌షా తన తఖ్త్ పెట్టుకోలేదు. పక్కనే 1617లో మొదలై 1694లో పూర్తయిన మక్కా మస్జిద్ ఎంత పెద్దదైనా చార్మినార్‌తో ఎత్తులో పోటీ పడలేదు. అది వెడల్పుగా పరుచుకుంది.

రెండో గీత మూసీ ఒడ్డున ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ తుగ్యానీ వేల ప్రాణాలు తీసుకుంది. ఆ తర్వాత ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీష్ మేమార్ గీసిన హైకోర్టు, సిటీ కాలేజీ ఒక ఒడ్డున, ఉస్మానియా దవాఖానా ఇంకో ఒడ్డున లేచాయి. వరద కొట్టుకుపోయిన చోట ఇన్సాఫ్, ఇల్మ్, ఇలాజ్ మూడింటికీ గుంబద్‌లు పెట్టారు. నయా పుల్ మీద నిలబడితే ఇప్పటికీ ఆ గీత కనిపిస్తుంది. ఉస్మానియా పాత భవనం మాత్రం 2020 జులైలో వరద నీరు వార్డుల్లోకి వచ్చాక మూతపడింది.

మూడో గీత మనుషులు గీసింది కాదు. హైదరాబాద్ రాళ్ళు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే గ్రానైట్ గుట్టలు, 250 కోట్ల ఏళ్ళ నాటివి. గోల్కొండ బాలా హిసార్ ఆ రాయి మీదే కూర్చుంది. ఎక్కే దారిలో మస్జిద్ ఉంది, జగదంబ అమ్మవారి గుడి ఉంది. ఆషాఢంలో బోనాలు మొదలయ్యేది ఇక్కడే. పైకెక్కి ఉత్తరంగా చూస్తే ఖుతుబ్ షాహీ గుంబద్‌లు. మన వాళ్ళు ‘సాత్ గుంబద్’ అంటారు. ఆ ఖాందాన్ ఆఖరి బాద్‌షా తానా షా మాత్రం అక్కడ లేడు. ఖైదులో పోయి ఖుల్దాబాద్‌లో పడుకున్నాడు.

అదే బాలా హిసార్ మీద నుంచి ఇప్పుడు పడమరకు తిరగండి. నానక్‌రామ్‌గూడ, కోకాపేట వైపు టవర్ల గోడ కనబడుతుంది. కొన్ని యాభై అంతస్తులు దాటాయి. ఇది ఎలా జరిగిందో తెలుసుకోవాలి, ఎందుకంటే ఆకాశం దానంతటది మారదు. 2006లో వచ్చిన జీవో 86 హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని ఎత్తేసింది. ఎఫ్‌ఎస్‌ఐ అంటే ఎంత స్థలంలో మొత్తం ఎంత కట్టవచ్చు అన్న లెక్క. ముంబైలో, చెన్నైలో ఈ లెక్కకు హద్దు ఉంది. ఇక్కడ రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ సరిపోతే పైకి పోవచ్చు. ఎంతైనా కట్టవచ్చు అన్నప్పుడు భూమి ధర కూడా అంత ఎత్తుకూ లెక్క కట్టి పలుకుతుంది. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. అంత పెట్టి కొన్నవాడు అయిదంతస్తులు కట్టి ఆపుతాడా? ఖానూన్ ధరను పెంచింది, ధర ఎత్తును పెంచింది.

ఆ టవర్ల కింద భూమి కథ కూడా మన జమాత్‌లో అందరికీ తెలుసు. హుస్సేన్ సాగర్ కట్టిన బుజుర్గ్‌గా మనం చెప్పుకునే హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా అటువైపే ఉంది. మణికొండ జాగీర్‌లో ఆ దర్గా పేర ఉన్న 1,654 ఎకరాలు వక్ఫ్‌వి అన్న దావా ఏళ్ళ తరబడి నడిచింది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అవి రాష్ట్ర ప్రభుత్వానివని తీర్పు చెప్పింది. తీర్పు వచ్చేసరికే అక్కడ ఆకాశం నిండిపోయి ఉంది.

నేను టవర్లకు దుష్మన్‌ను కాను. మన మొహల్లా పిల్లలు ఎంతోమంది ఆ అద్దాల లోపలే పనిచేస్తున్నారు. ఆ జీతాలతో ఇక్కడ చెల్లెళ్ళ నికాహ్‌లు అయ్యాయి, అమ్మీలకు ఇలాజ్ జరిగింది. బీజాపూర్‌లాగా గుర్బత్‌తో గీత కాపాడుకోమని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. షహర్ పెరగాలి. ఎటు పెరగాలి, ఎవరి ముందు కాస్త ఒరిగి నిలబడాలి అన్నదే ప్రశ్న.

ప్రస్తుతం మనకున్న ఖానూన్ ఇది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చార్మినార్, గోల్కొండ లాంటివాటికి 2010 సవరణ ప్రకారం 100 మీటర్ల దాకా కొత్త కట్టడం నిషేధం, ఆపై ఇంకో 200 మీటర్లలో అనుమతి తీసుకోవాలి. అంటే 300 మీటర్లు దాటితే అక్కడి నుంచి ఎంత ఎత్తు లేచినా ఆ ఖానూన్‌కు సంబంధం లేదు. జైతిన్‌బుర్ను టవర్లు సుల్తాన్ అహ్మద్ మస్జిద్‌కు 300 మీటర్ల లోపల లేవు, గుర్తుంచుకోండి. ఇక రాష్ట్రం వైపు, 1995లో హుడా నిబంధనల్లో చేర్చిన 13వ రెగ్యులేషన్ కింద 150కి పైగా ఇమారత్‌లకు, కొన్ని రాతి గుట్టలకు కూడా రక్షణ ఉండేది. 2015 డిసెంబరులో దాన్ని తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. కట్టడాన్ని కాపాడటం గురించి మాటలు ఉన్నాయి. ఆ కట్టడం ఎక్కడి నుంచి కనబడాలి, దాని వెనక ఏం కనబడకూడదు అన్న మాట, లండన్‌లో 1938లో రాసుకున్న మాట, మన దగ్గర రాసుకోలేదు.

రాసుకోవడం కష్టమైన పని కాదు. పురానా పుల్ మీద నుంచి, నయా పుల్ మీద నుంచి, బాలా హిసార్ బారాదరి నుంచి, సాత్ గుంబద్ తోటలోంచి, మక్కా మస్జిద్ సహన్‌లోంచి ఏం కనబడుతోందో నక్షా మీద గీతలు గీయాలి. ఆ గీత దారిలో, దాని వెనక ఎంత ఎత్తుకు హద్దు అన్నది మీటర్లలో రాయాలి. మిగతా చోట కట్టుకోండి, ఎంతైనా కట్టుకోండి. గోల్కొండ, సాత్ గుంబద్, చార్మినార్ మూడూ కలిపి 2010 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉన్నాయి. శాశ్వత జాబితాలోకి వెళ్ళాలన్నా ఈ చూపు దారుల గురించి అడుగుతారు. ఇస్తాంబుల్ వంతెనను అడిగినట్టే.

మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయటపెట్టినప్పుడల్లా అభ్యంతరాలకు, సూచనలకు గడువు ఇస్తారు. పత్రికలో చిన్న అక్షరాల నోటీసు వస్తుంది. బిల్డర్ల వకీళ్ళు ఆ నోటీసు చదువుతారు. మన మస్జిద్ కమిటీలు, స్కూల్ టీచర్లు, కాలేజీ పిల్లలు కూడా చదవాలి. ఒక తెల్ల కాగితం మీద “ఫలానా చోటు నుంచి ఫలానా గుంబద్ కనబడాలి” అని రాసి ఇస్తే అది రికార్డులో ఉంటుంది. తెలుగులో రాసినా చెల్లుతుంది, ఉర్దూలో రాసినా తెలంగాణలో అది రెండో అధికార భాష.

అంతకంటే ముందు ఒక పని ఇంటి నుంచే చేయవచ్చు. ఈ ఇతవార్ ఫజర్ తర్వాత పిల్లలను తీసుకుని గోల్కొండ ఎక్కండి. నాలుగు దిక్కులా ఫొటోలు తీయించండి. తారీఖు వేసి దాచమనండి. వచ్చే ఏడాది అదే చోట నిలబడి మళ్ళీ తీయించండి. ఏ దిక్కున గీత మారిందో పిల్లలే చెబుతారు. అప్పుడు ఆ ఫొటోలు రెండూ ఆ తెల్ల కాగితానికి జతచేసి పంపండి.

ఖుదా హాఫిజ్.